పాలు ఎంతవరకు కాచాలి? తిరుపతి వంటింట్లో దేశదేశాల పెరుగు, వెన్న, చీజ్

మొదటిసారి మోజరెల్లా చెయ్యబోయి నేను చేసిన తప్పు ఒక్కటే. పాలను బాగా కాచాను. అమ్మ నేర్పినట్టే మూడు పొంగులు రానిచ్చి, దించి, చల్లార్చి, అప్పుడు పాలను గడ్డ కట్టించే రెన్నెట్ కలిపాను. గంట గడిచినా పాలు గడ్డ కట్టలేదు. రెండో గంటకు గిన్నెలో ఉన్నది జావ కంటే చిక్కన, పెరుగు కంటే పల్చన. నాలుగు లీటర్ల పాలు! రెండు రోజులు ఇంట్లో చపాతీ పిండి దాంతోనే కలిపాం.

రెన్నెట్ నకిలీదేమో అనుకున్నాను. కాదు, తప్పంతా పొయ్యి దగ్గరే జరిగింది.

పాలలోని ప్రొటీన్లో 80 శాతం దాకా కేసిన్ ఉంటుంది. మిగతాది పాలు విరిగాక పక్కకు దిగే పసుపుపచ్చ నీళ్ళలో ఉంటుంది. చీజ్ చేసేవాళ్ళు ఆ నీళ్ళను వే అంటారు, ఇక్కడ తేట అందాం. పాలు 70 డిగ్రీలు దాటి వేడెక్కేకొద్దీ తేటలోని ప్రొటీన్లు విచ్చుకుని కేసిన్‌కు అతుక్కుంటాయి. పెరుగుకు ఇది మంచిదే. అలా అతుక్కున్న ప్రొటీన్ నీళ్ళను పట్టి ఉంచుతుంది కాబట్టి పెరుగు గట్టిగా, కత్తితో కోసేలా వస్తుంది. రెన్నెట్ వేసి చేసే చీజ్‌కు మాత్రం అదే అడ్డం. రెన్నెట్ పనిచేయాల్సింది కేసిన్ మీద, ఆ చోటంతా ముందే మూసుకుపోయి ఉంటుంది.

కాబట్టి ఏ దేశపు పాల పదార్థం చెయ్యాలన్నా మొదట అడగాల్సిన ప్రశ్న పాలు ఎంతవరకు కాచాలి అన్నదే. ఏం కలపాలి, ఎంతసేపు ఉంచాలి అన్నవి తర్వాత. కింద అంకెలు వేసి చెప్పినవన్నీ తేలికైన దాని నుంచి కష్టమైన దాని వరకు, నేను నేర్చుకున్న వరసలోనే ఉన్నాయి. వరస తప్పితే పాలు పాడు చేసుకుంటారు.

ముందు పాల సంగతి

మన చిత్తూరు వైపు పాలంటే ఎక్కువగా ఆవుపాలే. జెర్సీ, హెచ్ఎఫ్ సంకర జాతి ఆవులవి. వెన్న మూడున్నర నుంచి నాలుగున్నర శాతం మధ్య ఉంటుంది. గేదెపాలలో ఆరు నుంచి ఎనిమిది శాతం. పల్లెల్లో ఇది ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. పాల సెంటర్‌లో ఫ్యాట్ ఎంత, ఎస్ఎన్ఎఫ్ ఎంత అన్న లెక్క మీదే కదా డబ్బులు వచ్చేది. ఎస్ఎన్ఎఫ్ అంటే వెన్న పోగా పాలలో మిగిలే ఘన పదార్థం. పన్నీరు ఎంత వస్తుంది, పెరుగు ఎంత గట్టిగా తోడుకుంటుంది అన్నవి చాలావరకు ఆ అంకెలోనే ఉంటాయి.

ప్యాకెట్ పాలు కొనేవాళ్ళు రంగు చూసి కొనకండి. ఒక కంపెనీ నీలం ప్యాకెట్లో అమ్మేది ఇంకో కంపెనీ ఆకుపచ్చలో అమ్ముతుంది. వెనక రాసింది చదవండి. టోన్డ్ పాలలో వెన్న 3 శాతం, ఎస్ఎన్ఎఫ్ 8.5. స్టాండర్డైజ్డ్‌లో 4.5, 8.5. ఫుల్ క్రీమ్‌లో 6, 9. పెరుగుకు టోన్డ్ చాలు. పన్నీరుకు ఫుల్ క్రీమ్ తీసుకోండి. ఫ్రిజ్ బయట నెలల తరబడి నిలవుండే అట్టపెట్టె పాలను 135 డిగ్రీలు దాటించి రెండు మూడు సెకన్లు కాస్తారు. వాటితో కాఫీ పెట్టుకోవచ్చు, పెరుగూ తోడుకుంటుంది, రెన్నెట్ చీజ్ మాత్రం రాదు.

మా ఇంటికి చంద్రగిరి వైపు నుంచి క్యాన్లో పచ్చిపాలు వస్తాయి. పచ్చిపాలను అలాగే వాడేయడం మంచిది కాదు. పశువుల నుంచి మనిషికి బ్రూసెల్లోసిస్, క్షయ లాంటి జబ్బులు పాల దారిన రావచ్చు. కాచకూడదు, పచ్చివి వాడకూడదు, మరెలా? పాలను 63 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు నిలబెట్టి, వెంటనే చన్నీళ్ళ తొట్లో పెట్టి చల్లార్చండి. క్రిములు చస్తాయి, ప్రొటీన్ చెడదు. డెయిరీలో అదే పని 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లలో అయిపోతుంది.

దీనికంతటికీ కొత్తగా కొనాల్సింది థర్మామీటర్ ఒక్కటే, సూదిలా పొడవుగా ఉండే వంటింటి రకం. తెచ్చిన రోజే పరీక్షించండి. ఐసు ముక్కలు నిండా వేసిన నీళ్ళలో సున్నా చూపాలి. మరిగే నీళ్ళలో తిరుపతిలో అయితే వందకు అటూ ఇటూగా చూపాలి. మదనపల్లెలో ఉన్నవాళ్ళు 98 దగ్గర ఆగిందని టెన్షన్ పడకండి. ఎత్తు మీద నీళ్ళు ముందే మరుగుతాయి. హార్సిలీ హిల్స్ మీద 96 దగ్గరే మరుగుతాయి.

1. పెరుగు, యోగర్ట్: రెండూ ఒకటి కావు

పెరుగు తోడెయ్యడం ఎవరికి రాదు అంటారా? రోజూ ఒకేలా రావడం చాలామందికి రాదు. పాలు పొంగగానే దించెయ్యకుండా, సన్న సెగ మీద 85 నుంచి 90 డిగ్రీల మధ్య ఒక పది పదిహేను నిమిషాలు ఉంచండి. గట్టిదనం అక్కడే వస్తుంది. తర్వాత చల్లార్చి తోడెయ్యాలి. ఎంత చల్లారాలి అన్నది ఋతువును బట్టి ఉంటుంది. మే నెలలో తిరుపతి వంటిల్లు రాత్రి పూట కూడా 33, 34 డిగ్రీలుంటుంది. అప్పుడు పాలు 35కు దిగాక, అర లీటరుకు పావు టీస్పూను తోడు చాలు. నాలుగైదు గంటల్లో తోడుకుంటుంది. తోడుకున్న వెంటనే ఫ్రిజ్‌లో పెట్టాలి, ఒక్క గంట ఆలస్యమైతే పులుపెక్కుతుంది. డిసెంబర్లో, ముఖ్యంగా పలమనేరు, మదనపల్లె చలిలో, పాలు 42 దగ్గరుండగానే ఒక టీస్పూను తోడు వేసి గిన్నెను బియ్యం డబ్బాలో దాచండి. మా అవ్వ అలాగే చేసేది, పైన పాత దుప్పటి ముక్క కప్పి.

పెరుగు సాగుతూ, జిగురుగా వస్తే పాలను తిట్టకండి. తోడులో చేరిన బాక్టీరియా రకం మారిపోయింది. పక్కింటి నుంచి కొత్త తోడు తెచ్చుకోండి. అదే మందు.

మన పెరుగులో ఉండేవి ఎక్కువగా మామూలు గది వేడికి పెరిగే బాక్టీరియా. ఒక్కో ఇంట్లో ఒక్కో మేళవింపు. యోగర్ట్ అని అమ్మేదానిలో రెండే రకాలు జంటగా పనిచేస్తాయి. ఒకటి స్ట్రెప్టోకోకస్ థర్మోఫిలస్, రెండోది లాక్టోబాసిలస్ బల్గారికస్. రెండో దాన్ని 1905లో జెనీవాలో పనిచేస్తున్న బల్గేరియా వైద్యుడు స్టామెన్ గ్రిగొరోవ్ తన ఊరి పెరుగులో కనిపెట్టాడు, అందుకే ఆ పేరు. ఈ రెండింటికీ 42, 43 డిగ్రీలు హాయి. కాబట్టి యోగర్ట్ కావాలంటే బజార్లో లైవ్ కల్చర్ అని రాసున్న, చక్కెర కలపని యోగర్ట్ కొని దాన్నే తోడుగా వాడండి. గిన్నెను మూతపెట్టిన హాట్ ప్యాక్‌లో, చుట్టూ వేన్నీళ్ళు పోసి, అయిదారు గంటలు ఉంచండి. గట్టిగా, నున్నగా వస్తుంది. పులుపు కాస్త కరుకు. నా మాటడిగితే సంగటిలోకి మన పెరుగే, వడకట్టుకోవడానికి యోగర్ట్.

2. గుడ్డలో కడితే ఎన్ని దేశాలో

ఒక లీటరు పెరుగును ఉతికి వేన్నీళ్ళలో ఉడికించిన పల్చని పంచె గుడ్డలో మూటకట్టి, జల్లెడలో పెట్టి, కింద గిన్నె ఉంచి ఫ్రిజ్‌లో పెట్టండి. బయట వేలాడదీస్తే మన ఎండలకు పులిసిపోతుంది. నాలుగు గంటలకు చూస్తే అది గ్రీక్ యోగర్ట్. రాత్రంతా వదిలేస్తే లెబనాన్, సిరియా వాళ్ళ లబ్నే. అదే గట్టి పెరుగులో చక్కెర, కుంకుమపువ్వు, యాలకుల పొడి కలిపితే మరాఠీ, గుజరాతీ ఇళ్ళ శ్రీఖండ్. ఐస్‌లాండ్ వాళ్ళ స్కీర్ కూడా ఈ కుటుంబమే. వాళ్ళు వెన్న తీసిన పాలతో చేస్తారు, పాత పద్ధతిలో చిటికెడు రెన్నెట్ కూడా వేస్తారు. సూపర్ మార్కెట్లో చిన్న డబ్బా గ్రీక్ యోగర్ట్ ధర చూసినప్పుడల్లా నాకు ఈ గుడ్డమూట గుర్తొస్తుంది.

లబ్నేకి లీటరు పెరుగుకు అర టీస్పూను ఉప్పు కలిపి కట్టండి. వాళ్ళు పళ్ళెంలో పరిచి పైన ఆలివ్ నూనె పోసి రొట్టెతో తింటారు. మా ఇంట్లో నువ్వుల నూనె, ఇడ్లీ కారప్పొడి చల్లి దోసెతో తింటున్నాం. బేరూత్ వాళ్ళు ఏమంటారో గానీ బాగుంటుంది.

దీని నుంచి ఇంకో మెట్టు ఉంది, మన ఊరికి అచ్చంగా సరిపోయేది. మధ్య ఆసియాలో, అఫ్గానిస్తాన్‌లో ఇలా కట్టిన పెరుగుకు ఉప్పు దట్టించి, గోలీల్లా చేసి ఎండబెడతారు. దాన్ని కురుత్ అంటారు. రాయిలా గట్టిపడుతుంది. నీళ్ళలో నానేసి నూరితే మళ్ళీ చిక్కటి మజ్జిగ. మంగోలియాలో ఆరూల్ పేరుతో ఇలాంటిదే చేస్తారు. మందలతో తిరిగేవాళ్ళకు ఫ్రిజ్ ఎక్కడిది? ఏప్రిల్లో మేడ మీద మజ్జిగ మిరపకాయలు ఎండబెట్టే ఊరు మనది, కురుత్ ఎందుకు చెయ్యలేం? 24 గంటలు వడకట్టిన పెరుగు తీసుకోండి. నూటికి మూడు నాలుగు గ్రాముల ఉప్పు కలిపి ఉసిరికాయంత ఉండలు చెయ్యండి. పళ్ళెంలో పెట్టి పైన పల్చటి గుడ్డ కట్టి నాలుగైదు రోజులు గట్టి ఎండలో ఉంచండి, పొద్దుగూకే ముందు లోపలికి తెచ్చెయ్యండి. విరిచి చూస్తే లోపల తడి ఉండకూడదు. తడి ఉంటే బూజు పడుతుంది. వానాకాలంలో చెయ్యబోకండి.

మూట కింద గిన్నెలో దిగిన పుల్లటి తేటను పారబొయ్యకండి. చారులోకి, చపాతీ పిండిలోకి పనికొస్తుంది.

3. వెన్న, నెయ్యి

వారం రోజులు మీగడ తీసి ఫ్రిజ్‌లో పెట్టి, రెండు చెంచాల పెరుగు తోడేసి, మర్నాడు చిలికే పద్ధతి మన ఇళ్ళల్లో ఎప్పటినుంచో ఉంది. ఫ్రాన్స్, డెన్మార్క్ వైపు కల్చర్డ్ బటర్ అని ఎక్కువ ధరకు అమ్మేది ఇదే. పులియబెట్టిన మీగడ వెన్న. అక్కడి వాళ్ళు మీగడను మాత్రమే పులియబెడతారు. మన పాతకాలం వాళ్ళు పెరుగంతా కవ్వంతో చిలికేవాళ్ళు, దాని వల్ల చల్ల కూడా దక్కేది.

ఇక్కడా వేడి లెక్కే ముఖ్యం. మీగడ 12 నుంచి 15 డిగ్రీల మధ్య ఉన్నప్పుడే వెన్న గింజలు గింజలుగా విడిపడుతుంది. ఎండాకాలంలో మిక్సీలో వేసి తిప్పి తిప్పి జిడ్డు నురగ తప్ప ఏమీ రాలేదంటే మీగడ వేడెక్కిందని అర్థం. నాలుగు ఐసు ముక్కలు వేసి ఒక్క నిమిషం తిప్పండి, పైకి తేలుతుంది. తీసి, చన్నీళ్ళలో నీళ్ళు తేటగా వచ్చేదాకా పిసికి కడగండి. మజ్జిగ చుక్క మిగిలినా వెన్న త్వరగా కంపు కొడుతుంది. బ్రెడ్డుకు రాసుకునేందుకైతే 100 గ్రాములకు ఒకటిన్నర గ్రాము ఉప్పు కలపండి. ఆవు వెన్న పచ్చగా, గేదె వెన్న తెల్లగా ఉండడానికి కారణం మేతలోంచి వచ్చే కెరోటిన్. ఆవు దాన్ని పాలలోకి వదులుతుంది, గేదె దాన్ని విటమిన్ ఏ గా మార్చేస్తుంది.

వెన్నలో సుమారు 80 శాతం కొవ్వు, 16 శాతం దాకా నీళ్ళు. కాచడమంటే ఆ నీళ్ళను తోలెయ్యడమే. చిటపటలు తగ్గి, అడుగున మడ్డి లేత గోధుమ రంగుకు తిరగ్గానే దించి, మునగాకు రెమ్మో తమలపాకో వేసి వడకట్టండి. పూస కట్టాలంటే ఫ్రిజ్‌లో పెట్టకుండా గదిలోనే నిదానంగా చల్లారనివ్వాలి. ఫ్రెంచి వాళ్ళు ఆ గోధుమ రంగు మడ్డిని వడకట్టరు. వెన్నను అంతవరకే కాచి మడ్డితో సహా చేపల మీద, కేకుల్లోకి పోస్తారు. మన చిన్నప్పుడు మడ్డిలో అన్నం కలుపుకుని తిన్నదానికి అది దూరపు చుట్టం. ఇథియోపియాలో కాచేటప్పుడే అల్లం, వెల్లుల్లి, మెంతులు, ఏలకుల లాంటి గింజలు వేసి వడకడతారు, దాని పేరు నిటెర్ కిబ్బె. పావు కిలో వెన్నకు చిన్న అల్లం ముక్క, రెండు వెల్లుల్లి రెబ్బలు, పావు టీస్పూను మెంతులు, రెండు యాలకులు వేసి చేసి చూడండి. పప్పన్నంలోకి బ్రహ్మాండం.

4. పన్నీరు

పాలు మరుగుతుండగానే నిమ్మరసం పిండేస్తే రబ్బరు ముక్కలు వస్తాయి. నూటికి తొంభై మంది చేసే పొరపాటు ఇదే అని నా అనుమానం. పాలను 90 దాకా తీసుకెళ్ళి పొయ్యి ఆపండి. ఒక నాలుగైదు నిమిషాలు కలుపుతూ 80కి దిగనివ్వండి. లీటరు పాలకు రెండు గ్రాముల నిమ్మ ఉప్పును, అంటే సిట్రిక్ యాసిడ్‌ను, 100 మిల్లీలీటర్ల వేడి నీళ్ళలో కరిగించి, కొంచెం కొంచెంగా పొయ్యండి. తేట ఆకుపచ్చ పసుపుకు తిరిగిన క్షణంలో ఆపాలి. గ్లాసులో మిగిలింది ఉంటే ఉండనివ్వండి. ఎక్కువ పోస్తే పులుపు, కరుకుదనం. అయిదు నిమిషాలాగి గుడ్డలో వడకట్టి, ఒకసారి మంచినీళ్ళు పోసి కడిగి, మీద రెండు మూడు కిలోల బరువు పెట్టి ముప్పావు గంట ఉంచండి. తర్వాత చన్నీళ్ళలో వేసి రెండు గంటలు ఫ్రిజ్‌లో పెడితే ముక్కలు చెదరవు.

ఉత్త ఆవుపాలతో చేస్తే లీటరుకు 150 గ్రాముల చుట్టూ వస్తుంది, మెత్తగా ఉంటుంది. కూరలో ముక్కలు నిలవాలంటే సగం గేదెపాలు కలపండి. ఆ మెత్తదనమే బెంగాలీలకు కావాలి. వాళ్ళ రసగుల్లా ఛేనా ఆవుపాలదే. బరువు పెట్టకుండా, అరచేతి మొదలుతో నూనె తగిలేదాకా మర్దిస్తారు. మెక్సికో, కొలంబియా వైపు కేసో బ్లాంకో పేరుతో అమ్మేది కూడా చాలాచోట్ల ఇదే పద్ధతి. పెనం మీద వేసినా కరగదు. పులుపుతో, ఎక్కువ వేడితో విరిగిన పాలు ఎప్పటికీ కరిగి సాగవు. పిజ్జా మీద పన్నీరు ముక్కల్లాగే ఉండిపోయేది అందుకే. సాగాలంటే వేరే దారి పట్టాలి.

5. మోజరెల్లా: ఇక్కడ పాలు కాచకూడదు

రెన్నెట్ అంటే కేసిన్‌ను కత్తిరించే ఎంజైమ్. పాత రోజుల్లో లేగదూడ కడుపు పొరల్లోంచి తీసేవాళ్ళు, ఇటలీలో పార్మిజానో రెజ్జానో అనే గట్టి చీజ్‌కు ఇప్పటికీ అదే వాడాలన్నది నియమం. శాకాహారులు ఆ పేరు చూసినప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. మనకు ఆన్‌లైన్‌లో దొరికేది మైక్రోబియల్ రెన్నెట్, బూజు జాతి సూక్ష్మజీవుల నుంచి తీసింది. ఆకుపచ్చ చుక్క ఉందో లేదో చూసి కొనండి. ఒక్కో కంపెనీ పొడి బలం ఒక్కోలా ఉంటుంది కాబట్టి ఎంత వెయ్యాలో డబ్బా మీదే చూడాలి.

కావాల్సినవి: 63 డిగ్రీల పద్ధతిలో మీరే కాచిన ఆవుపాలు రెండు లీటర్లు, నిమ్మ ఉప్పు మూడున్నర గ్రాములు, అంటే ముప్పావు టీస్పూను, రెన్నెట్, ఉప్పు. కొళాయి నీళ్ళలోని క్లోరిన్ రెన్నెట్‌ను చంపేస్తుంది, అందుకని మరిగించి చల్లార్చిన నీళ్ళు వాడండి.

ఒకటి. పాలు ఫ్రిజ్‌లోంచి తీసినంత చల్లగా ఉండగానే, అరకప్పు నీళ్ళలో కరిగించిన నిమ్మ ఉప్పును కలుపుతూ పొయ్యండి. వెచ్చటి పాలలో పోస్తే అక్కడికక్కడే విరుగుతాయి.

రెండు. సన్న సెగ మీద 32 డిగ్రీలకు తీసుకురండి. మన దగ్గర మే నెలలో పొయ్యి కూడా అక్కర్లేదేమో!

మూడు. దించి, రెన్నెట్‌ను పావుకప్పు చన్నీళ్ళలో కలిపి పోసి, అర నిమిషం కలిపి ఆపెయ్యండి. పది నిమిషాలు గిన్నె కదపకూడదు. కత్తి దింపి పక్కకు లేపితే జున్ను ముక్కలా శుభ్రంగా చీలాలి, చీలిన చోట తేట నిలవాలి. లేకపోతే ఇంకో పది నిమిషాలు.

నాలుగు. అంగుళం ముక్కలుగా కోసి, మళ్ళీ సన్న సెగ మీద నెమ్మదిగా 40 డిగ్రీలకు తెచ్చి, చిల్లుల గరిటెతో జల్లెడలోకి తియ్యండి. తేటను దాచండి.

అయిదు. ఇంకో గిన్నెలో 80, 85 డిగ్రీల వేన్నీళ్ళు, అందులో ఒక చెంచా ఉప్పు. ముద్దను ముక్కలుగా వేసి రెండు నిమిషాలుంచి, గరిటెతో ఒత్తి చూడండి. ముద్ద లోపలి వేడి 57 దాటగానే మెరుస్తూ సాగడం మొదలుపెడుతుంది. రబ్బరు గ్లవుజులు వేసుకుని ఓళిగల పిండిలా సాగదీసి, మడిచి, మళ్ళీ సాగదియ్యండి. నాలుగైదు మడతలు చాలు. ఎక్కువ పిసికితే వెన్నంతా నీళ్ళలోకి పోయి ముద్ద గట్టిపడుతుంది. ఉండ చేసి చన్నీళ్ళలో వెయ్యండి.

రెండు లీటర్లకు 200 గ్రాములు వస్తే మంచి లెక్కే. సాగకుండా తునకలైతే రెండు కారణాలు. ఒకటి, ముద్ద లోపల వేడి చాలలేదు, మళ్ళీ వేన్నీళ్ళలో వెయ్యండి. రెండోది పులుపు. పులుపు సరిపాళ్ళలో ఉన్నప్పుడే కేసిన్‌ను కట్టి ఉంచే కాల్షియం తగినంత వదులై దారాలుగా సాగుతుంది. పులుపు తక్కువైతే తెగుతుంది, ఎక్కువైతే నలిగిపోతుంది. ప్యాకెట్ పాలతో చేస్తే ఒక్కోసారి ఎంత చేసినా గట్టి గడ్డ రాదు, నాకూ రెండుసార్లు అలాగే అయింది. కొన్ని డెయిరీల వాళ్ళు పాలను 72 కన్నా ఎక్కువ వేడి చేస్తారు, అది ప్యాకెట్ మీద రాయరు. తినే రకం కాల్షియం క్లోరైడ్ చిటికెడు నీళ్ళలో కలిపి ముందే పోస్తే కొంత నయం.

అసలు మోజరెల్లా గేదెపాలది. ఇటలీలో నేపుల్స్ చుట్టుపక్కల కాంపానియా ప్రాంతపు గేదె మోజరెల్లాకు 1996లో ఐరోపా రక్షిత గుర్తింపు వచ్చింది. గేదెలు మనకు కొత్తా? గుంటూరు, కృష్ణా వైపు చుట్టాలుంటే మంచి గేదెపాలు తెప్పించుకుని ఒక్కసారి చెయ్యండి, తెల్లగా పాలు కారుతూ ఉంటుంది.

అదే రెన్నెట్‌తో హలూమి

సైప్రస్ దీవి వాళ్ళ హలూమికి నిమ్మ ఉప్పు వెయ్యరు. రెన్నెట్ ఒక్కటే వేసి, 34 డిగ్రీల దగ్గర ముప్పావు గంట ఉంచి, కోసి, గుడ్డలో వేసి గంటన్నర గట్టిగా నొక్కుతారు. తర్వాత ఆ పలకలను అదే తేటలో, 90 డిగ్రీలు దాటిన వేడిలో, పైకి తేలేదాకా అరగంట ఉడికిస్తారు. ఉప్పు, పుదీనా అద్ది మడిచి పెడతారు. పెనం మీద కాలిస్తే బయట ఎర్రగా కరకర, లోపల పళ్ళ కింద కిచకిచ, కరగనే కరగదు. అక్కడ మొదటినుంచీ గొర్రె, మేకపాలతో చేస్తారు. 2021లో ఐరోపా సమాఖ్య ఆ పేరును సైప్రస్‌కే కట్టబెట్టింది. కొత్తగా నేర్చుకునేవాళ్ళకు మోజరెల్లా కంటే ఇదే తేలిక, సాగదీసే గొడవ లేదు. పన్నీరు కూరలు అలవాటైన ఇంట్లో వెంటనే చెల్లుబాటవుతుంది.

మిగిలిన తేట

మోజరెల్లా, హలూమి తేటలో ఇంకా ప్రొటీన్ ఉంది. 90 దాటించి, నాలుగు చుక్కల నిమ్మరసం వేసి కదపకుండా ఉంచితే పైకి మబ్బుల్లా తేలుతుంది. గుడ్డలో వడకడితే అదే ఇటలీ వాళ్ళ రికొటా. ఆ మాటకు అర్థమే మళ్ళీ వండినది అని. రెండు లీటర్ల పాల తేటకు రెండు మూడు చెంచాలే వస్తుంది, నిరాశపడకండి. పన్నీరు తేటను ఎంత కాచినా ఏమీ రాదు. పాలు 90 దాకా కాగినప్పుడే ఆ ప్రొటీన్ పన్నీరులోకి వెళ్ళిపోయింది. నార్వేలో తేటలో కాస్త మీగడ కలిపి బెల్లం పాకంలా దగ్గరపడేదాకా గంటల తరబడి కాచి బ్రునోస్ట్ అనే గోధుమ రంగు చీజ్ చేస్తారు. మన గ్యాస్ ధరకు అది గిట్టుబాటు కాదు.

గంటల తరబడి కాచే ఓపిక ఉంటే దుల్సే దె లేచె చెయ్యండి, అర్జెంటీనా పాలకోవా అనుకోవచ్చు. లీటరు పాలు, 250 గ్రాముల చక్కెర, పావు టీస్పూను వంటసోడా, సన్న సెగ మీద గంటన్నర నుంచి రెండు గంటలు. సోడా పాలను విరగనివ్వదు, ఎరుపు త్వరగా తెస్తుంది. మన కోవాకు రంగు రాకూడదని చూస్తాం, వాళ్ళకు రంగే కావాలి. చెంచా వెనక అంటుకుని జారకుండా నిలిచినప్పుడు దించండి, చల్లారాక ఇంకా చిక్కబడుతుంది.

కెఫీర్

కాకసస్ కొండల నుంచి వచ్చింది. చిన్న కాలీఫ్లవర్ ముక్కల్లా ఉండే కెఫీర్ గింజలు కావాలి. బాక్టీరియా, ఈస్టు కలిసి కట్టిన గూళ్ళవి. కాచి చల్లార్చిన పావు లీటరు పాలలో ఒక చెంచా గింజలు వేసి గుడ్డ కట్టండి. పుస్తకాల్లో 24 గంటలు అని ఉంటుంది, అది 20 డిగ్రీల ఊళ్ళ లెక్క. తిరుపతిలో పది పన్నెండు గంటల్లో అయిపోతుంది. వడకట్టి గింజలను మళ్ళీ కొత్త పాలలో వెయ్యాలి. ఈస్టు ఉంది కాబట్టి కొద్దిగా, సాధారణంగా ఒక శాతం లోపే, ఆల్కహాల్ పుడుతుంది. ఆ పట్టింపు ఉన్నవాళ్ళు మజ్జిగతో సరిపెట్టుకోండి, నష్టమేమీ లేదు.

చెయ్యొద్దనేవి

చెడ్డర్, గౌడా లాంటి గట్టి చీజ్‌లను నెలల తరబడి 10 నుంచి 13 డిగ్రీల్లో, 80 శాతం దాటిన తేమలో మాగబెట్టాలి. మన వంటిల్లు మరీ వేడి, ఫ్రిజ్ మరీ చల్లన, పైగా పొడి. పార్మిజానో ఒక్క చక్రానికి సుమారు 550 లీటర్ల పాలు పడతాయి, 40 కిలోల దాకా తూగుతుంది, తక్కువలో తక్కువ 12 నెలలు మాగాలి. అది కొనుక్కునే వస్తువు.

చివరగా, కొనడానికి దొరకనిది

ఈ జాబితాలో జున్నును ఎక్కడ పెట్టాలో నాకు చాలాసేపు తెలియలేదు. ఆవు ఈనిన మొదటి రెండు మూడు పూటల ముర్రుపాలలో దూడకు రోగాల్ని ఆపే ప్రొటీన్లు దట్టంగా ఉంటాయి. వేడి తగిలితే అవి కోడిగుడ్డులా పేరుకుంటాయి. రెన్నెట్ వద్దు, నిమ్మ ఉప్పు వద్దు. ఫిన్‌లాండ్ వాళ్ళ లేయిపాయూస్తో అనే పెనపు చీజ్ కూడా పూర్వం ఈ పాలతోనే చేసేవాళ్ళు. చైనా గ్రాస్‌తో గట్టిపరిచి జున్ను అని బండ్ల మీద అమ్మేదానికీ దీనికీ పేరు తప్ప సంబంధం లేదు.

దూడ కడుపునిండా తాగాకే పిండాలి, అది మొదటి షరతు. మొదటి పూట పాలైతే ఒక గ్లాసుకు రెండు గ్లాసుల మామూలు పాలు, రెండో పూటవైతే ఒకటికి ఒకటి, మూడో పూటవైతే మామూలు పాలు దాదాపు కలపక్కర్లేదు. బెల్లం కరిగించి వడకట్టి, మిరియాలు, యాలకులు దంచి కలిపి, మూతపెట్టిన గిన్నెలో ఆవిరి మీద 25 నిమిషాలు ఉంచండి. చాకు దింపితే తడి అంటకూడదు. పాలు ఎంత చిక్కనివో తెలియకపోతే ముందు ఒక చిన్న గిన్నెలో నాలుగు చెంచాలు ఉడికించి చూసుకోండి. మా అమ్మ ఎప్పుడూ అలాగే చేస్తుంది. ఇక పక్కింటి నుంచి ముర్రుపాలు వచ్చిన చెంబును ఉత్తగా తిరిగి పంపకూడదు, అందులో ఒక బెల్లం ముక్క వేసి ఇవ్వండి.